కూర్చుని చేసే పని

"నువ్వెలాగూ కూర్చునే ఉంటావుగా" అంటూ నోట్‌బుర్గా దిండు గలీబుల బుట్ట తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టేసి వెళ్ళిపోయింది.

లిండె ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా బుట్టకేసి చూస్తూ ఉండిపోయింది. ముప్ఫై రెండు గలీబులు. రేపు శనివారం. వాళ్ళు నడిపే విడిదిలో పాత అతిథులు పదింటికల్లా ఖాళీ చేస్తారు, కొత్తవాళ్ళు రెండింటికి దిగుతారు. అత్తగారిది చెడ్డ మనసు కాదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తెల్లారకముందే లేచి పొయ్యి రాజేస్తుంది, పగటిపూట కుర్చీలో నడుం వాల్చినట్టు ఎవరూ చూసి ఎరగరు. ఆవిడ లెక్కలో కూర్చున్న మనిషంటే విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. చక్రాల కుర్చీలో కూర్చున్నా అంతే. లిండె నడుం కింద చచ్చుబడి నాలుగు చలికాలాలైంది. ఆ నాలుగేళ్ళలో ఆ ఇంట్లో కూర్చుని చేసే పనంటూ ఏదున్నా, వాలుకి నీళ్ళు పారినట్టు ఆమె దగ్గరికే వచ్చి చేరింది. ఇస్త్రీ, బంగాళాదుంపల చెక్కు తీయడం, ఉడకేసే క్నోడెల్ పిండి ఉండలు చుట్టడం, చిరిగిన దుప్పట్లకు మాసికలు, గదులు కావాలని వచ్చే ఫోన్లు, "మా కుక్కపిల్లను కూడా తెచ్చుకోవచ్చా?" అనే ఉత్తరాలకు జవాబులు. ఇదివరకు వారానికి రెండు రోజులు కిందింటి రోజ్‌విత వచ్చి ఇస్త్రీ చేసి వెళ్ళేది. లిండె ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకే ఆమెను మానిపించారు. "పాపం లిండెకి పొద్దు పోవద్దూ?" అన్నాడు క్విరీన్. ఆ మాట అంటున్నప్పుడు భర్త మొహంలో ఉన్న జాలి నిజమైనదే. అదే ఆమెకు ఊపిరాడనివ్వని సంగతి. ఆ ఇంట్లో ఎవరూ అబద్ధం ఆడరు. అందరూ మంచివాళ్ళే.

కాళ్ళు చచ్చుబడిన ఆ రోజు సంగతి లిండె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు. ఫిబ్రవరి నెల, మూడు రోజులుగా ఒకటే మంచు. వంటింటి పక్క కట్టెల కొట్టం కప్పు మీద నిలువెత్తున పేరుకుంది. దాని కిందే అతిథుల కార్లు. "రేపు తీస్తాలే" అన్నాడు క్విరీన్ మొదటి రోజు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు ముందుగదిలో పొయ్యి పక్కన అతిథులతో పేకాటలో ఉన్నాడు. అతిథులతో పేకాడటం కూడా వ్యాపారంలో భాగమే కదా మరి. "ఎవరి నెత్తిన పడుతుందో ఏమో" అని అత్తగారు వంటింట్లో మూడుసార్లు గొణిగింది. ఆ గొణుగుడు ఎవరికోసమో లిండెకు తెలుసు. పార తీసుకుని నిచ్చెన ఎక్కింది. కప్పు మీద ఆమె మంచు గీకుతున్న చప్పుడు ముందుగదిలోకి వినిపిస్తూనే ఉండాలి. సగం తీశాక మిగతా సగం ఒక్కసారిగా జారింది, ఆమెతో సహా.

క్విరీన్ పరుగెత్తుకొచ్చాడు. కొండ ప్రమాదాల రక్షక దళంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నవాడు. హెలికాప్టర్ వచ్చేదాకా నలభై నిమిషాలు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తల కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. మెడకు ఏమీ కాకుండా, చేతులు పోకుండా నిలబడ్డాయంటే ఆ పట్టు వల్లేనని వైద్యుడు అన్నాడు. అదీ నిజమే. ఆ రోజు నుంచి లోయంతా ఒకటే కథ: క్విరీన్ తన భార్యను బతికించుకున్నాడు. ఆమె కప్పెందుకు ఎక్కిందన్నది కథలోంచి జారిపోయింది. పత్రికలో రాయడానికి వచ్చిన పిల్ల ఒకసారి సూటిగా ఆమెనే అడిగింది, ఎలా జరిగిందండీ అని. లిండె నోరు తెరిచేలోపే క్విరీన్ నవ్వుతూ ఆమె భుజం తట్టి, "మా లిండెకి తొందరెక్కువ" అన్నాడు. అదే అచ్చయింది.

చర్చి మెట్ల దగ్గర, రొట్టెల దుకాణంలో, మందుల షాపులో ఒకటే మాట. "ఇంకొకడైతే ఏనాడో వదిలేసి పోయేవాడమ్మా." "నా కొడుకు గనక సరిపోయింది గానీ" అని అత్తగారు. వినీ వినీ లిండెకు ఒక నవ్వు అలవాటైంది, పెదాలతో మాత్రమే నవ్వేది. కుర్చీలోంచి కారులోకి తనంతట తాను మారడం ఆమెకు వచ్చు. మూడు నెలలు పునరావాస కేంద్రంలో నేర్చుకుంది, అరచేతులు కాయలు కాచేదాకా. కానీ అతిథులు వాకిట్లో ఉన్నప్పుడు క్విరీన్ గబగబా వచ్చేస్తాడు. "ఆగు బంగారం, నేనున్నాగా." రెండు చేతుల్లో ఎత్తుకుంటాడు. అతిథుల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అతని మెడ చుట్టూ చేయి వేసి, గాల్లో వేలాడుతున్న తన కాళ్ళను చూసుకుంటూ ఆమె ఆ నవ్వు నవ్వుతుంది. చేతులతో నడిపే కారు కొనుక్కుందామన్నప్పుడూ, "ఎందుకు, ఎక్కడికి వెళ్ళాలన్నా నేనున్నాగా" అన్నాడు. దానికి ఎదురు చెప్పాలంటే ఎంత కృతఘ్నురాలై ఉండాలి మనిషి! ఎక్కడికి వెళ్ళాలో ముందుగా అతనికి చెప్పాల్సి వస్తోంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, మళ్ళీ గొంతులోకి జారిపోయేది.

నిజం చెప్పుకోవాలంటే, ఆమెను మళ్ళీ మంచు మీదికి తీసుకెళ్ళింది కూడా అతనే. కనుమకు అవతలి లోయలో మార్లీస్ అనే ఆవిడ వికలాంగులకు స్కీయింగ్ నేర్పే బడి నడుపుతుంది. ఆ బడికీ ఈ ఊరికీ మధ్య ఒకటే కొండ. రోడ్డు మీద చుట్టి వెళ్ళాలంటే రెండు గంటల దారి. పైన కనుమ దగ్గర మాత్రం రెండు వైపుల వాలులూ కలుస్తాయి. మార్లీస్‌కు పందొమ్మిదో ఏట మోటారు సైకిలు ప్రమాదంలో ఎడమ కాలు పోయింది. ఇప్పుడు యాభై దాటాయి. ఒంటి స్కీ మీద, చివర చిన్న స్కీలు బిగించిన రెండు చేతికర్రలతో, రెండు కాళ్ళ కుర్రాళ్ళను దాటేసి దిగిపోతుంది.

మొదటిసారి లిండెను గుల్లలాంటి సీటులో కూర్చోబెట్టి, తొడల మీదా నడుం మీదా పట్టీలు బిగించి, చేతుల్లో తనలాంటివే రెండు చేతికర్రలు పెట్టి, "దీని కింద ఉన్నది ఒక్కటే స్కీ. నీ భుజం ఎటు చూస్తే ఇది అటు పోతుంది. అంతే, ఇంకేం లేదు" అంది మార్లీస్. ఇంకేం లేకపోవడమేమిటి, బోలెడుంది! మొదటి మూడు రోజులూ పడటమే. ముక్కులో మంచు, మెడలో మంచు. కానీ నాలుగో రోజు ఒక మలుపు దానంతటదే తిరిగింది. చెవుల పక్కన గాలి ఈల వేసింది. రెండేళ్ళుగా ఎవరో ఒకరు నెడితేనో, తన చేతులతో తాను నెట్టుకుంటేనో తప్ప కదలని ఒళ్ళు, బరువే లేనట్టు జారిపోయింది. లిండె గట్టిగా అరిచింది. భయంతో అనుకుని వెనక నుంచి క్విరీన్ పట్టీలు లాగాడు.

వెనక క్విరీన్ ఉంటాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ సీటు వెనక రెండు పొడుగాటి పట్టీలు తగిలించి, ఒక సహాయకుడు వాటిని పట్టుకుని వెనకే స్కీ చేస్తూ వేగాన్ని అదుపు చేస్తాడు. క్విరీన్ ఆ శిక్షణ పూర్తి చేసి, బ్యాడ్జి కూడా పెట్టుకున్నాడు. ఆ ఫోటోనే విడిది కరపత్రం మీద పడింది: ముందు లిండె, వెనక పట్టీలతో క్విరీన్, కింద "ప్రేమకు అడ్డంకులుండవు" అని అచ్చక్షరాలు. అప్పటి నుంచి చక్రాల కుర్చీల అతిథులు కూడా రావడం మొదలైంది. వాళ్ళ దుప్పట్లు కూడా ఇస్త్రీకి చేరాయి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మార్లీస్ కనుమ దాటి దిగి వచ్చి, వంటింట్లో సూపు తాగుతూ, ఉపోద్ఘాతమేమీ లేకుండా విషయం చెప్పేసింది.

"రేపు లిండెకు ఒంటరి పరీక్ష పెడతాను. పట్టీలు లేకుండా దిగాలి, పడితే తనే లేవాలి, లిఫ్టు తనే ఎక్కాలి. నన్నడిగితే పోయిన చలికాలమే పెట్టాల్సింది."

"అలాగే, నాదేముంది? నేనేమన్నా ఆపుతున్నానా?" అని నవ్వాడు క్విరీన్. "కాకపోతే రేపు శనివారం."

"పరీక్ష పొద్దున్నే. ఇంకో సంగతి." మార్లీస్ చెంచా పక్కన పెట్టి లిండె వైపు తిరిగింది. "బడిలో మొదటి వారం వచ్చేవాళ్ళకి పడటం, లేవడం నేర్పడానికి మనిషి కావాలి. నిలబడి ఉన్నవాడు చెబితే వాళ్ళకి ఎక్కదు. చలికాలమంతా పని. నువ్వుండటానికి బడిలోనే గది ఉంది, మేడ మీద కాదు, కిందనే. జీతమిస్తాను. ఇదీ కూర్చుని చేసే పనే."

పొయ్యి దగ్గర నోట్‌బుర్గా గరిటె ఆగింది. క్విరీన్ నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ కళ్ళల్లోంచి దిగిపోయింది.

"జీతమా? ఇంట్లో ఏం తక్కువైందని?" అన్నాడు. "అయినా అక్కడ రాత్రీ పగలూ నిన్నెవరు చూస్తారు బంగారం?"

"ఇక్కడెవరు చూస్తున్నారు?" అంది లిండె. అన్నాక తనే ఉలిక్కిపడింది.

"విన్నావా అమ్మా?" అన్నాడు క్విరీన్. కోపంగా కాదు, దెబ్బ తగిలినవాడిలా. అది ఇంకా కష్టం. కోపానికైతే ఎదురు నిలవచ్చు.

"నలుగురి ముందూ మొగుణ్ణి ఇంత మాట అంటావా అమ్మాయ్?" అంది నోట్‌బుర్గా. "నీ కోసం వాడు ఆ వాలు మీద ఎన్ని ఆదివారాలు గడ్డకట్టుకుపోయాడో!"

"క్షమించండి అత్తయ్యా" అంది లిండె. ఆ మాట కూడా గలీబు మడిచినంత అలవాటుగా నాలుగు మూలలూ కలుపుకుని వచ్చేసింది. మార్లీస్ సూపు తాగేసి, గిన్నె తనే కడిగి బోర్లించి వెళ్ళింది.

శనివారం పొద్దున ఆకాశం గాజులా ఉంది. కుర్చీని కింద లిఫ్టు గుడిసె దగ్గర వదిలి, ముగ్గురూ పైకి వెళ్ళారు. పైన మార్లీస్ సీటు వెనక పట్టీలు విప్పబోతుంటే క్విరీన్ అడ్డం వచ్చాడు. "మొదటిసారి నాతో దిగనీ. ఒళ్ళు వేడెక్కాలి కదా. తర్వాత విప్పుదాం." లిండె సరేనంది. సరేననడం ఎంత తేలికో! ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా రోజుకు నలభై సార్లు అంటున్న మాట.

మార్లీస్ ముందు దిగి వాలు మధ్యలో నిలబడింది. మొదటి రెండు మలుపులూ బాగానే తిరిగాయి. మూడోది నిటారుగా ఉన్న చోటు. అక్కడ వేగం తగ్గిస్తే తిరగదు, వేగంలోకి ఒరగాలి. లిండె ఒరిగింది. సరిగ్గా అదే క్షణంలో వెనక నుంచి పట్టీలు బిగుసుకున్నాయి. సీటు వెనక్కి లాక్కుపోయి, పక్కకు విరుచుకుపడి, ఆమె మూడు నాలుగు గజాలు ఈడ్చుకుపోయి ఆగింది.

"చూశావా!" క్విరీన్ రొప్పుతూ వచ్చాడు. "నేను పట్టుకోకపోయుంటే ఏమయ్యేది?"

కింద నుంచి మార్లీస్ కేకేసింది. "నువ్వు పట్టుకోబట్టే పడింది!"

"నా పెళ్ళాం సంగతి నాకు తెలుసు!"

ఒక పక్కగా పడి, చెంప మంచుకు ఆనించి లిండె వింటోంది. తన తల మీదుగా ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. దెబ్బేమీ తగల్లేదు. అతను వంగి భుజాల కింద చేతులు పెట్టబోయాడు.

"ముట్టుకోకు" అందామె.

"లిండె..."

"లేవగలను. ముట్టుకోకు."

చేతికర్ర మంచులో గుచ్చింది. జారింది. మళ్ళీ గుచ్చింది. మోచేతి కింద మంచు అణిగేదాకా తొక్కిపెట్టి, ఒళ్ళంతా ఆ ఒక్క భుజం మీదికి తెచ్చి తోసింది. సగం లేచి మళ్ళీ పడింది. పక్కన నిలబడి ఆమెకు చేయి అందించకుండా ఉండటానికి క్విరీన్ పళ్ళు బిగబట్టాడు. అతనికి అది నిజంగానే బాధ అని ఆమెకు తెలుసు. మూడోసారి సీటు ఊగి, ఒంటి స్కీ మీద నిటారుగా నిలబడింది. పట్టీల కొక్కేలు వీపు వెనక ఉన్నాయి. అక్కడికి చేయి పోదు.

"మార్లీస్, విప్పు" అంది.

"బాధ్యత నాది" అన్నాడు క్విరీన్. "రేపేదన్నా అయితే అడిగేది నన్ను."

మార్లీస్ పైకి ఎక్కి వచ్చి, అతని మొహం చూడకుండా లిండె మొహమే చూస్తూ అడిగింది. "ఎవరి మాట వినమంటావు?"

"నాది."

కొక్కేలు టక్కుమని ఊడాయి. క్విరీన్ చేతుల్లో రెండు పట్టీలు వదులుగా వేలాడాయి. "మరి నేనేం చెయ్యను?" అన్నాడు మెల్లగా. వెటకారం కాదు. నిజంగా తెలియక అడిగాడు. ఒక్క క్షణం లిండెకు గుండె కలుక్కుమంది. పోనీలే పట్టుకోమందామా అనిపించింది. తన జీవితం ఎక్కడ చిక్కుకుందో ఆ ఒక్క క్షణంలో ఆమెకు తెలిసిపోయింది. అతని కాఠిన్యంలో కాదు, ఇలాంటి క్షణాల్లోనే. అతను బాధపడకుండా ఉండటం కోసం తాను పడిపోతూ ఉండాలి. జవాబు చెప్పకుండా భుజం కిందికి తిప్పింది.

ఆ దిగడం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఒక మలుపు, ఇంకో మలుపు. ఒక చోట తడబడింది, నిలదొక్కుకుంది. వీపు వెనక బరువు లేదు. లాగుతారేమోనని ఇన్నాళ్ళూ భుజాలు తెలియకుండానే కుంచించుకుని ఉండేవని అప్పుడే తెలిసింది. కిందికి వచ్చి ఆగేటప్పటికి మొహమంతా తడి. మంచో, కన్నీళ్ళో తుడుచుకుని చూసుకోలేదు.

క్విరీన్ వెనకే వచ్చాడు. అప్పటికే సర్దుకున్నాడు. లిఫ్టు దగ్గరున్న మనుషులకు వినపడేలా, "చూశారా నా శిష్యురాల్ని! రెండేళ్ళు నేను నేర్పింది ఊరికే పోయిందా?" అని చప్పట్లు కొట్టాడు. వాళ్ళూ కొట్టారు. లిఫ్టు నడిపే ముసలాయన క్విరీన్ వీపు తట్టాడు. క్విరీన్ గుడిసె దగ్గరి నుంచి చక్రాల కుర్చీ తోసుకొచ్చి, ఆమె ముందు నిలబెట్టి వంగాడు. "రా, చాలింక. అమ్మ ఒక్కతే ఉంది. గదులు చూసుకోవాలి." చేతులు ఆమె చంకల కిందికి జారాయి.

"వద్దు."

చుట్టూ ఉన్నవాళ్ళకేసి నవ్వాడు. "గెలిచిన పొగరు!"

"వద్దన్నాను, క్విరీన్. ఇంకోసారి వెళ్తాను."

అతను టైము చూసుకున్నాడు, చుట్టూ చూశాడు, చేతులు తీశాడు. "సరే పో. ఒక్కసారే. ఇక్కడే ఉంటా" అన్నాడు, వరమిస్తున్నట్టు. ఆమె కుర్చీలోనే కూలబడి, కాలు మీద కాలు వేసుకుని, లిఫ్టు ముసలాయనతో కబుర్లలో పడ్డాడు. ఆ కుర్చీలో అతను ఎంత హాయిగా ఉన్నాడో! అందులోంచి లేవగలడన్న సంగతి గుర్తుపెట్టుకోనక్కరలేనంత హాయిగా.

లిఫ్టు మీద మార్లీస్ ఆమె పక్కనే కూర్చుంది. కింద ఊరు చిన్నదైపోతోంది. చర్చి శిఖరం, విడిది పొగగొట్టం, దాని పక్కన కట్టెల కొట్టం కప్పు. ఎవరో శుభ్రంగా మంచు తీసిపెట్టారు. ఆమె పడిన ఏడాది నుంచి దానికి మనిషిని పెట్టారు.

కనుమ మీద గాలి కోస్తోంది. సీటులోంచి దిగకుండానే లిండె లిఫ్టు దాటి పక్కకు జరిగింది. కుడి పక్క తన ఊరి వాలు. ఎడమ పక్కది అవతలి లోయకు. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అటు తొంగిచూడలేదు. చూస్తే ఏముంది, ఇలాంటి లోయే. చెట్లు, పొగ, తెల్లటి పొలాలు.

"అటు వాలు ఎలా ఉంటుంది?" అంది.

"మీదానికన్నా నిటారు. మధ్యలో ఒక చోట గట్టి మంచు." మార్లీస్ ఆమె వైపు చూసింది. "అటు దిగితే మళ్ళీ ఇటు రావడం నీకు ఇవాళ్టికి అవదు. చేతులు నిలవవు."

"తెలుసు."

"నీ కుర్చీ కిందుంది."

"అందులో అతను కూర్చున్నాడుగా" అంది లిండె. "మీ బడిలో కుర్చీలుండవా?"

"నలభై ఉన్నాయి."

"ఆ గది తలుపు వెడల్పేనా?"

"నువ్వూ నీ కోపమూ పక్కపక్కనే పట్టేంత."

లిండెకు నవ్వొచ్చింది. ఈసారి పెదాలతో మాత్రమే కాదు. చేతికర్రల పట్టీలు మణికట్టుకు బిగించుకుంది. రేపు అత్తగారి ఫోను వస్తుంది, ఎల్లుండి క్విరీన్ వస్తాడు, వచ్చి గుమ్మంలో నిలబడి ఆ దెబ్బతిన్న మొహంతో చూస్తాడు. ఊళ్ళో ఒక్కరూ ఆమె పక్షం మాట్లాడరు. అవన్నీ జరుగుతాయి. ఏదీ తప్పదు.

"కింద కాచుకుని ఉంటాడు, లిండె" అంది మార్లీస్. " ఏదో ఒకటి చెప్పాలి కదా. చేరాక ఫోన్ చేసి ఏమంటావు?"

లిండె ఎడమ భుజం అవతలి లోయ వైపు తిప్పింది. స్కీ మొన మెల్లగా అటు తిరిగింది.

"ఇన్నాళ్ళు పడ్డాను, ఇక పడనంటాను" అంది.